ఎవరి రథానికి ఎవరు సారథి

పెళ్ళిపనులకు మనుషుల్ని ఏరుకునే ఇల్లాలిని ఎప్పుడైనా పనిగట్టుకుని గమనించారా? కూరలు తరగడానికి చెయ్యి చురుకైన చిన్నకోడలు. పొయ్యి దగ్గర ఎంత పొగ వచ్చినా విసుక్కోని వదిన. సామాన్ల గది తాళంచెవి కొంగున ముడేసుకుని, ఎవరొచ్చినా లెక్క చెప్పనిదే గింజ వదలని మేనత్త. మగపెళ్ళివారి మర్యాదలకు నవ్వు చెరగని అక్క. ఇదంతా ఆ ఇల్లాలు కాగితం మీద రాసుకోదు. ఎవరికి ఏ పని పడుతుందో ఆమెకు తెలుసు. అంతకన్నా ముఖ్యం, తనకు ఏ పని పడదో కూడా తెలుసు. ఇదే ఏర్పాటు సేనాపతి చేస్తే వ్యూహం అంటారు. ఇల్లాలు చేస్తే "పెళ్ళి బాగా జరిగిపోయింది" అంటారు, తనంతట తనే జరిగినట్టు!

జట్టు కట్టడం విద్యే. ఆ విద్య మీదే మొత్తం నడిచే ఆట ఒకటుంది. ఈ వారం నా విమర్శకు అదే వస్తువు. ఆటను విమర్శించడమేమిటి, కథలూ నవలలూ కరువయ్యాయా అని నవ్వుకోకండి. కథలో పాత్రలుంటాయి, ఆటలో పావులుంటాయి. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలన్నది రెండింటికీ ఒకటే ప్రశ్న. మన భారతంలోనైతే ఆ రెండూ ఒకేచోట దొరుకుతాయి. అక్కడికీ వెళదాం, కాస్త ఓపిక పట్టండి.

మా ఆసిఫాబాద్ వాళ్ళకు బొమ్మలు కొత్తేమీ కాదు. నిర్మల్ పొణికి చెక్క బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్ళం. గూడేల్లో ఓజాలు పోతపోసే ఇత్తడి ఏనుగులూ గుర్రాలూ ఎరుగుదుం. కాని మొన్న దసరా సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన మా అన్నకొడుకు విప్పిన పెట్టెలోని బొమ్మల తీరే వేరు. రెండంగుళాల ప్లాస్టిక్ వీరులు. ఒకడికి రెక్కలు, ఒకడి చేతిలో డాలు, ఒకామె కళ్ళల్లో నిప్పులు. ఒక్కొక్కరి కాళ్ళకింద గుండ్రటి పీట, ఆ పీటలో తిరిగే చక్రం. చక్రం మీద అంకెలు. 2002లో అమెరికాలో పుట్టిన ఈ ఆట పేరు హీరోక్లిక్స్ అట.

"పిల్లలాట కాదు అత్తమ్మా, దీనికి పోటీలు కూడ జరుగుతయి" అన్నాడు వాడు, నా ముఖంలో నవ్వు చూసి. "ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క ధర ఉంటది. 300 పాయింట్లు దాటకుండ జట్టు కట్టుకోవాలె."

"సంతకు పోయి సామాన్లు తెచ్చుకున్నట్టేనా?"

"అచ్చం అట్లనే. పైసలన్ని ఒక్క వస్తువు మీదనే పెడితె తక్కినయి రావు."

ఆ ఒక్కమాటతో ఆట సగం అర్థమైపోయింది. నెలమొదట్లో జీతం కవరు విప్పి బియ్యానికింత, పాలకింత, ఫీజులకింత అని పంచే మనకు 300 పాయింట్ల లెక్క ఒక లెక్కా! 200 పాయింట్ల మహావీరుణ్ణి ఒకణ్ణి కొని, మిగిలిన వందలో ఇద్దరు ముగ్గురు చిల్లర మనుషుల్ని చేర్చుకోవచ్చు. లేదా యాభైల వాళ్ళను ఆరుగుర్ని నిలబెట్టవచ్చు. ప్రతి బొమ్మకూ నడక ఎంత, దెబ్బ తగిలించే నేర్పు ఎంత, కాచుకునే బలం ఎంత, తగిలితే జరిగే నష్టం ఎంత అని నాలుగు అంకెలు. దెబ్బ తగిలినప్పుడల్లా చక్రం "టిక్కు" మని తిరుగుతుంది, అంకెలు మారిపోతాయి. కొందరు దెబ్బతిన్నకొద్దీ నీరసిస్తారు. కొందరు మొదట మెత్తగా ఉండి, రెండు దెబ్బలు తిన్నాక పులులైపోతారు. ఈ రెండోరకం వాళ్ళను చూసి మా వదినా నేనూ ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం లెండి.

దెబ్బ వేయాలంటే రెండు పాచికలు దొర్లించాలి. పాచికల మొత్తానికి నా బొమ్మ నేర్పు కలిపితే ఎదుటి బొమ్మ కాపుదలను అందుకోవాలి. నా నేర్పు 10, అవతలి కాపుదల 17 అనుకోండి. పాచికల్లో 7 గానీ అంతకు మించి గానీ పడాలి. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి, అందులో 21 నాకు అనుకూలం. నా నేర్పు 11 అయితే 6 పడితే చాలు, అనుకూలించేవి 26 అవుతాయి. ఒక్క అంకె తేడాకు అంత మార్పు. అందుకే ఆడేవాళ్ళు బొమ్మల్ని ఎంచుకునేటప్పుడు, పచ్చీసులో గవ్వలు బాగా పడే చేతికోసం వెతికినట్టు, ఒక్కొక్క అంకెకోసం వెతుకుతారు. అదృష్టం పాచికలదే. ఆ అదృష్టానికి తలుపు ఎంత తెరిచి పెట్టాలన్నది జట్టు కట్టినవాళ్ళ చేతిలో ఉంది.

ఇంతకూ ఏ జట్టు కట్టాలి? ఇక్కడే ఆడేవాళ్ళలో రెండు పక్షాలున్నాయి. మొదటి పక్షం వాళ్ళు "పోయినసారి పోటీలో గెలిచిన జట్టేదో అదే తెచ్చుకో" అంటారు. పరీక్షలకు గెస్ పేపర్లు కొనుక్కునే బాపతు. రెండో పక్షం వాళ్ళు "నీ ఆట తీరు చూసుకో. మీదపడి కొట్టేదానివా, దూరం నుంచి రాళ్ళు విసిరేదానివా, ఎదుటివాడు తప్పుచేసేదాకా కూచునేదానివా? దానికి తగిన బొమ్మల్ని పట్టు" అంటారు. వినడానికి రెండో మాటే బాగుంటుంది. నాకూ ఆ మాటే నచ్చింది. కాని దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోకూడదు. అందులో ఒక మెలిక ఉంది. ఆ మెలికను మన భారతం విప్పినంత బాగా ఇంకెవరూ విప్పలేదని నా అభిప్రాయం.

ఉద్యోగపర్వం జ్ఞాపకం చేసుకోండి. తిక్కనగారి తెలుగులో చదివినవారున్నారు, 'పాండవోద్యోగం' నాటకంలో రాత్రంతా మేలుకుని చూసినవారున్నారు. ద్వారకలో కృష్ణుడు నిద్రపోతున్నాడు. దుర్యోధనుడు తలవైపు, అర్జునుడు కాళ్ళవైపు. కృష్ణుడు లేచి ఒక పక్క నారాయణసేన అంతా, ఇంకో పక్క ఆయుధం పట్టని తనొక్కణ్ణీ పెట్టి కోరుకోమన్నాడు. ఈ ఘట్టం గురించి మనకు చిన్నప్పటినుంచీ చెబుతూ వచ్చిన నీతి ఒక్కటే: దుర్యోధనుడు మూర్ఖుడు, సైన్యాన్ని కోరుకున్నాడు; అర్జునుడు భక్తుడు, దేవుణ్ణి కోరుకున్నాడు.

కథను సరిగ్గా చదివితే ఆ నీతి అంత సరిగ్గా అతకదు. ముందు కోరుకునే వంతు దుర్యోధనుడికి రానేలేదు. ముందుగా కంటపడ్డాడని, చిన్నవాడని అర్జునుడికి వచ్చింది. అర్జునుడు కృష్ణుణ్ణి కోరుకుంటే మిగిలిన సైన్యం దుర్యోధనుడి పాలబడింది. ఆయన ఏడవలేదు సరికదా, పరమానందంతో ఇంటికి పోయాడు! తన కోరిక చెల్లిందని పోయాడు. ఎందుకంటే దుర్యోధనుడి ఆట తీరు అది. కూడబెట్టడం. పదకొండు అక్షౌహిణులు కూడబెట్టాడు, అవతల ఏడే. తన తీరుకు తగిన జట్టునే ఆయనా కట్టాడు. మరి "నీ తీరుకు తగినట్టు కట్టుకో" అన్న సూత్రమొక్కటే చాలితే ఆయన గెలవాలి కదా!

అర్జునుడు చేసిందేమిటి? ఎందుకు నన్ను కోరావని కృష్ణుడు అడిగితే, శత్రువుల్ని నేనొక్కణ్ణే చంపగలను, నువ్వు నా రథం తోలాలని నా కోరిక అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. చూశారా! అతను విలుకాడు. ఇంకో వేయిమంది విలుకాళ్ళను కోరలేదు. తనకున్నదాన్ని ఇంకా పోగుచేసుకోలేదు. తన విల్లు పనిచెయ్యాలంటే ఏది లేదో దాన్ని కోరుకున్నాడు. పగ్గాలు పట్టే మనిషిని. భక్తి ఉంది, కాదనను. కాని భక్తితోపాటు తన ఆట తనకు తెలిసిన తెలివీ ఉంది.

మెలిక ఇదీ. తన తీరుకు తగిన జట్టంటే తనలాంటివాళ్ళ జట్టు కాదు. మీదపడి కొట్టే స్వభావమున్న అమ్మాయి ఆరుగురు దూకుడు వీరుల్ని తెచ్చుకుంటే, మొదటి రెండు వంతులూ బ్రహ్మాండంగా ఉంటుంది. మూడో వంతుకు వెనక ఇల్లు చూసేవాడుండడు. ఆమెకు కావలసింది ఐదో దూకుడు వీరుడు కాదు, తను దూకినప్పుడు వెనక కాపలా కాసే మొండివాడొకడు. అలాగే ఊరికే కూచుని కాచుకునే స్వభావమున్నామె ఇంకో నలుగురు గోడల్లాంటి బొమ్మల్ని తెచ్చుకుంటే ఓడిపోదు, కానీ గెలవదు. గడువు గడిచిపోతుంది. పోటీలో గడువు తీరితే ఆట ముగిసినట్టే.

ఇక మొదటి పక్షం సంగతి. గెలిచినవాడి జట్టుకు నకలు. దీనికి భారతంలో ఉదాహరణ కర్ణుడు. ఈ మాటకు కర్ణుడి అభిమానులు నా మీద కోప్పడకండి, నేనూ ఆ పక్షమే. భీష్ముడు పడిపోయాక, ద్రోణుడు పోయాక, సేనాపత్యం తనకు వచ్చినప్పుడు కర్ణుడు ఏమి కోరాడు? అర్జునుడికి కృష్ణుడున్నాడు కాబట్టి గుర్రాల విద్యలో కృష్ణుడంతవాడైన శల్యుడు తనకు సారథిగా కావాలన్నాడు. లెక్కప్రకారం ఎక్కడా తప్పులేదు. శల్యుడి నేర్పు నిజంగా అంతటిదే. కాని ఆ శల్యుడు బయలుదేరింది పాండవుల పక్షానికి. దారిలో దుర్యోధనుడు చేసిన విందుమర్యాదలకు మురిసి, అవి ధర్మరాజు ఏర్పాట్లే అనుకుని మాటిచ్చి ఇరుక్కున్నాడు. తరువాత ధర్మరాజును కలిసి, కర్ణుడి తేజస్సు చల్లార్చి సాయపడతానని ఆయనకూ మాట ఇచ్చాడు. ఇక రథం మీద ఏం జరిగిందో మీకు తెలుసు. ఆడబోయేముందు పక్కన కూచుని "నీవల్ల ఏమవుతుంది" అనే మనిషి ఉంటే ఎంతటి చెయ్యికైనా వణుకు రాదా? అంకెల్లో శల్యుడు కృష్ణుడితో సమానం. కర్ణుడి పక్కన మాత్రం కాదు. బొమ్మను నకలు చెయ్యవచ్చు, ఆ బొమ్మకూ ఆడేవాళ్ళకూ మధ్య ఉన్న పొందికను నకలు చెయ్యలేం.

కౌరవుల జట్టును ఈ బొమ్మలాట లెక్కలో చూస్తే గుండె తరుక్కుపోతుంది. భీష్ముడు మహావీరుడే, కాని పాండవుల్ని చంపనని ముందే చెప్పేశాడు. ఆయన సేనాపతిగా ఉన్నంతకాలం తను విల్లు పట్టనని కర్ణుడు కూచున్నాడు. 18 రోజుల యుద్ధంలో 10 రోజులు! నూరు పాయింట్లు పోసి కొన్న బొమ్మను బల్ల అంచున నిలబెట్టినట్టు. ఒక్కొక్కరూ విడిగా చూస్తే గొప్పవాళ్ళు. ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టితే ఒకరి చెయ్యి ఒకరు కట్టేశారు. పెద్ద ఇళ్ళల్లో ఇలాంటి జట్లు మనం చూడలేదా ఏమిటి?

ఇంతవరకూ పురాణం. ఇప్పుడు కొంచెం చరిత్ర. బొమ్మల సైన్యాలతో ఆట పడమటి దేశాల్లో మొదట పిల్లలది కాదు. 1824లో ప్రష్యాలో రైస్విట్జ్ అనే సైనికోద్యోగి తమ అధికారులకు శిక్షణకోసం పటం మీద ఆడే యుద్ధక్రీడను తయారుచేశాడు. దాన్ని ఇంట్లో చాపమీదికి తెచ్చిన పెద్దమనిషి మనకు కల్పిత శాస్త్రకథల వల్ల తెలిసిన హెచ్.జి.వెల్స్. 1913లో ఆయన 'లిటిల్ వార్స్' అని ఒక పుస్తకం రాశాడు. సీసపు సిపాయిలూ, స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగులూ, నేలమీద చెక్కముక్కల ఊళ్ళూ. సరదా అయిన పుస్తకం. నిజం యుద్ధం ఎంత తెలివితక్కువ వ్యవహారమో బొమ్మ యుద్ధం ఆడితే తెలిసివస్తుందని ముగింపులో ఆయన అంటాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, బొమ్మలతో సరిపెట్టుకోలేదు ఎవరూ.

అయితే ఆ పుస్తకం అట్టమీది ఉపశీర్షిక దగ్గర నాకు పేచీ ఉంది. ఈ ఆట పన్నెండేళ్ళ నుంచి నూటయాభై ఏళ్ళ దాకా మగపిల్లలందరిదీనట. ఆపైన, మగపిల్లల ఆటలూ పుస్తకాలూ ఇష్టపడే కాస్త తెలివైన రకం ఆడపిల్లలకూ పనికివస్తుందట! చమత్కారమే అనుకోండి. కాని ఆ చమత్కారంలో మగపిల్లవాడికి ఉండవలసిన అర్హత వయసొక్కటే. ఆడపిల్ల మాత్రం ముందు తెలివి రుజువు చేసుకుని, ఆపైన అన్నదమ్ముల ఇష్టాలు తన ఇష్టాలని ఒప్పుకుంటేనే చాపమీద చోటు. తన తీరుతో తను ఆడే అమ్మాయి ఒకతె ఉండవచ్చునని అంతటి ఊహాశాలికి తట్టలేదు.

మనవాళ్ళకు మాత్రం తట్టిందా? పులి-మేక ఆట తీసుకోండి. కొన్నిచోట్ల పులిజూదం అంటారు. గుడి మండపాల బండలమీద చెక్కిన గీతలు మీరూ చూసే ఉంటారు. మా పక్క బొగ్గుతోనో సుద్దతోనో గచ్చుమీదే గీసుకునేవాళ్ళం. మూడు పులులు, పదిహేను మేకలు. పులి పక్కనున్న మేకమీదుగా అవతలి ఖాళీ గడిలోకి దూకితే ఆ మేక పోయినట్టే. మేకలకు దూకే హక్కు లేదు. పులుల్ని కదలనీకుండా చుట్టుముట్టడమే వాటి గెలుపు. రెండు పక్షాలూ సమానం కాని ఆట ఇది. అందుకే ఇది స్వభావాన్ని పట్టిస్తుంది. పులిగా ఆడేవాడికి ఒక కన్ను చాలు, ఖాళీ ఎక్కడుందో చూసే కన్ను. మేకల చేతికి పదిహేను కళ్ళుండాలి. ఒక్క మేక వెనక చోటు ఖాళీ ఉందా, అక్కడినుంచే చిల్లు.

ఇక్కడ ఒక ప్రశ్న. ఆడపిల్లలు మేకల్ని తీసుకుంటారేం? ఎవరు తీసుకోమన్నారు? నాకు తెలిసిన ఇళ్ళన్నిటా అన్నదమ్ములు ముందే పులులు పట్టుకుని కూచునేవారు. మిగిలినవి మేకలు. పదేళ్ళు మేకలతో ఆడిన పిల్లను చూపించి "అబ్బ, ఎంత ఓర్పు! ఆడపిల్ల తీరే అంత" అంటారు. అది ఆమె తీరా, లేక ఆమెకు మిగిలినదా? తీరు అనే మాట ఎంత ప్రమాదమో ఇక్కడ కనిపిస్తుంది. మనకు అలవాటు చేసిన దాన్ని స్వభావమని మనమే నమ్మేస్తే, ఆ నమ్మకం చుట్టూ జట్టు కట్టుకుంటే, జీవితమంతా పక్కవాడు వదిలేసిన పావులతో ఆడుతూ, అదే మన ఇష్టమనుకుంటాం. "నేను సర్దుకుపోయే మనిషినండీ" అనే మాట మనలో ఎంతమంది నోట వినలేదు? సర్దుకుపోవడం కొందరికి నిజంగా ఒక నేర్పు, ఎదుటివాణ్ణి దగ్గరికి రానిచ్చి చుట్టుముట్టే నేర్పు. కొందరికి అది పులిని అడగడానికి జంకు. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి.

తేడా ఎలా కనిపెట్టాలి? మేధావులు ఏం చెబుతారోగాని, ఆటలో ఒక దారి ఉంది. గెలిచిన ఆటల్ని కాదు, ఓడిన ఆటల్ని తలుచుకోండి. ఆలోచించడానికి వ్యవధి లేనప్పుడు చెయ్యి ఎటు పోయింది? ముందుకా, వెనక్కా? తరువాత "అయ్యో" అనుకున్నది తెగించినందుకా, తెగించనందుకా? తెగించనందుకే ప్రతిసారీ బాధపడుతున్నారంటే మీ ఓర్పు మీది కాదు, ఎవరో అప్పిచ్చినది. ఒక నెల రోజులు పులుల్ని ఆడి చూడండి. ఓడిపోతారు, పోనివ్వండి. ఆ తరువాత మళ్ళీ మేకల్నే ఎంచుకుంటే అప్పుడది మీ తీరు.

పావులు అందరికీ ఒకటే అయిన చదరంగంలోనూ ఈ జట్టు సంగతి తప్పదు. అక్కడ జట్టు బల్లమీద కాదు, బల్ల చుట్టూ ఉంటుంది. కృష్ణాజిల్లా అమ్మాయి కోనేరు హంపి తొలి గురువు తండ్రి అశోక్ గారే. 2002లో పదిహేనేళ్ళకు గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. 2017లో తల్లి అయ్యి ఆటకు కొంతకాలం దూరమై, తిరిగివచ్చి 2019లో ప్రపంచ మహిళల రాపిడ్ పోటీ గెలిచింది. 2024లో మళ్ళీ గెలిచింది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2022లో చెన్నై దగ్గర మామల్లపురంలో జరిగిన ఒలింపియాడ్‌కు నిండు నెలలతో వచ్చి ఆడింది, జట్టు కాంస్యం తెచ్చింది. ఆడే చెయ్యి ఒకటే కనిపిస్తుంది. ఆ చెయ్యి ఆడటానికి వెనక ఎవరెవరు పగ్గాలు పట్టారో వాళ్ళకే తెలుసు.

2024లో బుడాపెస్ట్‌లో మన మహిళలు మొదటిసారి ఒలింపియాడ్ బంగారం గెలిచిన తీరు చూడండి. నాలుగు బల్లలు, ఒక అదనపు మనిషి. ఎవరు ఏ బల్లమీదో ముందే రాసివ్వాలి, నడుమ మార్చడానికి వీల్లేదు. మొదటి బల్లకు హారిక. అంటే ప్రతి దేశపు మేటి మనిషినీ ఎదుర్కునే బరువు ఆమెది. రెండో బల్లకు వైశాలి, మూడోదానికి దివ్య, నాలుగోదానికి వంతిక, అదనంగా తానియా. వ్యక్తిగత బంగారు పతకాలు మూడు, నాలుగు బల్లల దగ్గర దివ్యకూ వంతికకూ వచ్చాయి. పతకాల పట్టిక చూసేవాళ్ళకు ఆ ఇద్దరే కనిపిస్తారు. ముందు వరసలో పిడుగుల్ని కాచేవాళ్ళుంటేనే వెనక వరస చేతులు ఆడతాయి. ఆ దివ్య ఊరు నాగపూర్, మా ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో రైలెక్కితే నేరుగా వచ్చే నాగపూర్. ఆ వార్త చదివి మా వీధి పిల్లలు పక్కింటి అమ్మాయి గెలిచినట్టు మురిశారు. 2025లో మహిళల ప్రపంచకప్పు ఫైనల్లో ఆ దివ్యా, మన హంపీ ఎదురెదురుగా కూచున్నారు, దివ్య గెలిచింది. చెట్టు పాతదీ కొమ్మ కొత్తదీ, తోట ఒకటే అనుకుని నేను ఇద్దరికీ చప్పట్లు కొట్టాను.

మళ్ళీ బొమ్మల దగ్గరికి. ఈ బొమ్మలాట మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇంకా చెప్పలేదు. ఈ బొమ్మల్లో చాలామటుకు మూసిన పెట్టెల్లో వస్తాయి. లోపల ఎవరున్నారో డబ్బిచ్చి విప్పాకగాని తెలియదు. కావలసినవాడు దొరికేదాకా కొంటూ పోవాలి. అంటే "నీ తీరుకు తగిన జట్టు" అన్న సలహా జేబు నిండిన పిల్లవాడికి ఒకలా, ఒక్క పెట్టె కొనుక్కున్న పిల్లవాడికి ఇంకోలా వినిపిస్తుంది. అమ్మేవాళ్ళకు మాత్రం రెండు చెవులకూ ఇంపే! ఎంచుకోగలగడమే ఒక భాగ్యమన్న సంగతి ఈ సలహాలిచ్చే నిపుణులు ఎక్కడా అనరు.

అయినా ఆ ఒక్క పెట్టె పిల్లవాడి పక్షాన నాకొక మాట ఉంది. ఇల్లాళ్ళలో చాలామందిమి ఒక్క పెట్టెవాళ్ళమే. అత్తవారింట్లో ఎవరుంటారో విప్పి చూసుకుని వచ్చినవాళ్ళం కాము. దొరికినవాళ్ళతోనే ఆడాము. దొరికినవాళ్ళలో ఎవరు ఎక్కడ పనికివస్తారో కనిపెట్టడమే మన వ్యూహం. మాట పెళుసైన మామగారిని బాకీలు వసూలుచేసే పనిమీద, సిగ్గుపడే మరిదిని పుస్తకాల దగ్గర నిలబెట్టి, ఇల్లు నడిపించిన ఇల్లాళ్ళు నాకు తెలుసు. అయితే ఆ జట్టులో తమకంటూ ఒక గడి ఉంచుకున్నవాళ్ళు తక్కువ. అందర్నీ వాళ్ళవాళ్ళ చోట్ల నిలబెట్టి, తాము మాత్రం ఎక్కడ ఖాళీ వస్తే అక్కడికి పరుగెత్తే మేకలయ్యారు. ఈ జట్టు ఎవరి ఆటకోసం కట్టింది అని ఒక్కసారైనా అడుగుకున్నారా? ఈ ప్లాస్టిక్ వీరుల ఆటలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. జట్టు కట్టేముందు ఆ ప్రశ్న అడగకుండా ఒక్క బొమ్మ కూడా బల్లమీదికి రాదు.

మా గూడేల ఓజాలు బొమ్మ పోసే పద్ధతి చూసినవారికి ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. ముందు మట్టితో లోపలి ముద్ద. దానిమీద మైనపు దారాలు చుట్టి కన్నూ ముక్కూ నగలూ తీరుస్తారు. పైన మళ్ళీ మట్టి. కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ. అచ్చు పగిలిపోయింది కాబట్టి అలాంటిది రెండోది రాదు. ఆదిలాబాద్ డోక్రా అని 2018లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పక్కపక్కన పెట్టిన రెండు ఏనుగుల్లో ఒకదాని తొండం కాస్త వంకర, ఒకదాని చెవి కాస్త పెద్ద. ఫ్యాక్టరీ అచ్చులో పోసిన వీరులు వేలకొద్దీ ఒకేలా ఉంటారు. వాళ్ళలోంచి ఎవర్ని ఎంచి ఎవరి పక్కన నిలబెట్టామన్నదే మన మైనం, మన చేతివాటం.

కాబట్టి నా తీర్పు. గెలిచినవాళ్ళ జట్టును చూడండి, నేర్చుకోండి, తెచ్చుకోకండి. మీ తీరు మీదే కట్టుకోండి, కాని ఆ తీరు నిజంగా మీదేనా అని ముందు గిల్లి చూసుకోండి. మీదే అని తేలాక, మీలాంటివాళ్ళను పోగుచెయ్యకండి. మీ చేతిలో విల్లుంటే పగ్గాలు పట్టేవాళ్ళను వెతకండి, పగ్గాలు మీ చేతిలో ఉంటే విల్లు పట్టేవాళ్ళను. పక్కన కూచునేది కృష్ణుడో శల్యుడో, గుర్రాలు తోలే నేర్పులో కాదు, మీరు విల్లు ఎత్తినప్పుడు వాళ్ళు అనే మాటలో తెలుస్తుంది.

ఈ సంక్రాంతి సెలవుల్లో పిల్లలు గచ్చుమీద పులి-మేక గీస్తే ఒక్క పని చెయ్యండి. అమ్మాయిల్ని ముందు కోరుకోనివ్వండి. వాళ్ళు ఏది తీసుకున్నారో నాకు చెప్పక్కరలేదు. ఎందుకు తీసుకున్నారో మాత్రం అడిగి చూడండి.